సర్ క్రీక్: ఎవరూ గీయని గీత, దాటారని జైలు

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఏటా గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్ళి చేపల బోటెక్కే మీ మేనమామ లాంటివాళ్ళు పాకిస్తాన్‌కు చిక్కినప్పుడల్లా టీవీలో "సరిహద్దు దాటారు" అంటారు కదా, ఆ సరిహద్దు సముద్రంలో ఎక్కడుంది? సర్ క్రీక్ అనే ఆ పాయ అసలు ఎవరిది? 1947 నుంచి ఇప్పటిదాకా అది ఎందుకు తేలలేదు? సర్వే పనిలో ఉండి రిటైరైనవాణ్ణి, ఉద్యోగంలో కొంత భాగం కచ్ తీరంలోనే గడిచింది కాబట్టి తెలిసినంతవరకు చెప్తాను.

మొదటిదానికి జవాబు చిన్నది. గుజరాత్, సింధ్ తీరాల ముందు రెండు దేశాలూ సంతకాలు పెట్టి ఒప్పుకున్న సముద్ర సరిహద్దు ఈ రోజుకీ లేదు. మ్యాపులో చుక్కల గీత కనిపించిందంటే అది ఎవరికి వాళ్ళు వేసుకున్న అంచనా. మన కోస్ట్ గార్డ్ లెక్క ఒకటి, వాళ్ళ మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీ లెక్క ఇంకొకటి. లేని గీతను ఎలా దాటారని కోర్టులో అడగొచ్చు గానీ, కరాచీ జైల్లో కూర్చున్నవాడికి ఆ వాదన అక్కరకు రాదు.

ఆ గీత లేకపోవడానికి కారణం, అది మొదలవ్వాల్సిన చోటే పేచీలో ఉండడం. ఆ చోటే సర్ క్రీక్.

కచ్ రణ్ అనే ఉప్పు మైదానం పడమటి కొసన, గుజరాత్‌కూ సింధ్‌కూ నడుమ ఉన్న పాయ ఇది. పొడవు సుమారు 96 కిలోమీటర్లు. పూర్వం బాణగంగ అనేవారట. పేరులో గంగ ఉంది గానీ ఇది నది కాదు. ఎగువ నుంచి వచ్చే నీళ్ళు దీనికి లేవు. పోటుకు అరేబియా సముద్రం లోపలికి తన్నుకొస్తుంది, పాటుకు వెనక్కి లాక్కుంటుంది, అంతే. ఒకప్పుడు సింధు నది తూర్పు పాయ ఈ చుట్టుపక్కలే సముద్రంలో కలిసేది. లఖ్‌పత్ రేవుకు పడవలు వచ్చేవి, ఆ చుట్టూ వరి పండేది. 1819 జూన్ 16న పెద్ద భూకంపం వచ్చి దాదాపు 80 కిలోమీటర్ల పొడవున నేల కట్టలా పైకి లేచింది. అక్కడివాళ్ళు దాన్ని అల్లా బంద్, అంటే దేవుడు వేసిన కట్ట, అన్నారు. దానికి దక్షిణాన సింద్రీ కోట మునిగిపోయింది, నది దారి తెగిపోయింది. లఖ్‌పత్ ఇప్పుడు గోడలు మిగిలిన కోట, లోపల కొన్ని ఇళ్ళు. నేలే ఇలా నిలకడ లేకుండా ఉన్నచోట మనుషులు గీత గీసి శాశ్వతం అనుకున్నారు.

పాటు వేళ పడవ దిగి ఒడ్డుకు నడవాలంటే మోకాలి దాకా బురద. కాలు పైకి వస్తుంది, బూటు లోపలే ఉండిపోతుంది. కనుచూపు మేర బూడిద రంగు బురద, పొట్టి మడచెట్లు, వాటిని మేయడానికి ఈదుకుంటూ వెళ్ళే ఖరాయీ ఒంటెలు. పొద్దున ఇదే ఒడ్డు అని కర్ర పాతిన చోటు మధ్యాహ్నానికి నీళ్ళలో ఉంటుంది. పాయ నడిమి లోతు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ పక్కకు జరుగుతుంది. అందుకే "క్రీక్ తూర్పు ఒడ్డు ఎక్కడ?" అని ఎవరైనా అడిగితే సర్వేయర్ వెంటనే వేలు పెట్టి చూపించడు. ఏ ఏటి ఒడ్డు, ఏ నీటిమట్టం దగ్గర, అని ఎదురడుగుతాడు. ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళకు ఈ సంగతి మ్యాపు చూస్తే తెలియదు.

ఇక గొడవ పుట్టుక. 1908 ప్రాంతంలో ఇక్కడ పాయ ఒడ్డున ఉన్న వంటచెరకు మీద తగువు వచ్చింది. ఒకవైపు కచ్ సంస్థానం, దాని రాజు రావు ఖెంగార్జీ పాలనలో ఉంది. రెండోవైపు సింధ్, అప్పటికి బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. సింధ్ అధికారులు తమ హద్దు తూర్పున కోరీ క్రీక్ దాకా ఉందన్నారు. కచ్ వాళ్ళు కాదు, మాది పడమట పీర్ సానీ క్రీక్ దాకా అన్నారు. తీర్పు చెప్పింది బొంబాయి ప్రభుత్వం. సింధ్ దాని సొంత భాగమే కాబట్టి వాదీ తానే, జడ్జీ తానే. అయినా మధ్యేమార్గంగా సర్ క్రీక్ దగ్గర ఆపి, 1914 ఫిబ్రవరి 24న తీర్మానం ఇచ్చింది. దానికి ఒక మ్యాపు జతచేశారు, ఈ రోజుకీ చర్చల్లో దాన్ని బీ-44 అంటారు.

నూరేళ్ళు దాటిన తగవు ఆ కాగితంలోని రెండు పక్కపక్క పేరాల మీద నడుస్తోంది. 9వ పేరా హద్దును మ్యాపులోని ఆకుపచ్చ గీతతో చెప్తుంది. ఆ గీత చూస్తే క్రీక్ తూర్పు ఒడ్డు వెంట ఉంది. అంటే పాయ మొత్తం సింధ్‌కు. పాకిస్తాన్ దీన్ని పట్టుకుంది. 10వ పేరాలో సింధ్ కమిషనర్ 1913లో రాసిన ఉత్తరం ప్రస్తావన ఉంది. సర్ క్రీక్ ఎప్పటికప్పుడు దారి మార్చుకుంటుంది కాబట్టి, రావుకు వదిలే ప్రాంతానికి పడమటి హద్దుగా "పడవలు నడిచే పాయ నడిమి" అని రాయాలని ఆయన అన్నాడు. భారత్ దీన్ని పట్టుకుంది. ఒక్క గుమాస్తా రెండు పేరాల్నీ ఒకసారి కలిపి చదివి ఉంటే ఈ రోజు మనం ఇది మాట్లాడుకునేవాళ్ళం కాదు.

భారత్ దగ్గర ఇంకో ఆధారం కూడా ఉంది. 1924లో హద్దు స్తంభాలు పాతారు, 1925లో బీ-74 అనే మ్యాపు వచ్చింది, అందులో గీత పాయ నడుమన ఉంది. తీర్మానాన్ని ఆనాటి అధికారులే ఎలా అర్థం చేసుకున్నారో దీన్నిబట్టి తెలుస్తోందని మన వాదన. పాకిస్తాన్ దానికి బదులుగా, నడిమి పాయ సూత్రం పడవలు నడిచే నదులకే వర్తిస్తుందనీ, ఇది నది కాదు, ఆటుపోట్ల కాలువ అనీ అంటుంది. పోటు వేళ చేపల బోట్లు తిరుగుతూనే ఉన్నాయి కదా అని మనవాళ్ళు. నన్నడిగితే కాగితాల బలం మన వైపే కాస్త ఎక్కువ. అలాగని వాళ్ళది వట్టి బుకాయింపు కాదు. ఆకుపచ్చ గీత మ్యాపులో నిజంగానే తూర్పు ఒడ్డున ఉంది.

1947 సంగతికి వస్తే, చాలామంది దీన్ని కూడా, విభజన గీతలు గీసిన బ్రిటిష్ లాయర్ రాడ్‌క్లిఫ్ ఖాతాలో వేస్తారు. ఆయన గీసింది పంజాబ్‌లోనూ బెంగాల్‌లోనూ. ఇక్కడ ఆయన పెన్ను పెట్టనే లేదు. 1936లో బొంబాయి నుంచి విడివడి వేరే రాష్ట్రమైన సింధ్ మొత్తంగా పాకిస్తాన్‌కు వెళ్ళింది, కచ్ సంస్థానం భారత్‌లో చేరింది. వంటచెరకు కోసం ఒక ప్రెసిడెన్సీకీ ఒక సంస్థానానికీ మధ్య వేసిన హద్దు రాత్రికి రాత్రే రెండు స్వతంత్ర దేశాల సరిహద్దయింది. వలస పాలన పోయిన రోజు ఏ హద్దు ఉంటే దాన్నే కొత్త దేశాలు ఒప్పుకోవాలన్నది ప్రపంచమంతా నడిచే పద్ధతి. ఆ హద్దు ఎక్కడుందో తెలిసినప్పుడు ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. ఊళ్ళో అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు గట్టు ఎవరి వాటాలోదో దస్తావేజులో రాయకపోతే మనవళ్ళ తరం దాకా ఏమవుతుందో మనకు తెలుసు. ఇక్కడ తేడా ఏమిటంటే ఆ గట్టే నడుస్తుంది.

మొదట్లో రెండు దేశాలూ క్రీక్ గురించి పెద్దగా పట్టించుకోలేదు. పేచీ దానికి తూర్పున, రణ్ మీద వచ్చింది. ఆ ఉప్పు మైదానంలో 24వ అక్షాంశం దాకా తనదని పాకిస్తాన్ అంది. 1965 ఏప్రిల్‌లో అక్కడ కాల్పులు జరిగాయి. ఆ నెల 9న సర్దార్ పోస్ట్ దగ్గర సీఆర్పీఎఫ్ జవాన్లు పాకిస్తాన్ సైనిక బలగాన్ని నిలువరించిన రోజును ఆ దళం ఇప్పటికీ శౌర్య దినంగా జరుపుకుంటుంది. బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ మధ్యలో పడి జూన్ 30న ఒప్పందం కుదిర్చాడు, తగవును ముగ్గురు సభ్యుల ట్రిబ్యునల్‌కు అప్పజెప్పారు. స్వీడన్ జడ్జి గున్నార్ లాగర్‌గ్రెన్ అధ్యక్షుడు. భారత్ తరఫున యుగొస్లావియా నుంచి అలెష్ బెబ్లెర్, పాకిస్తాన్ తరఫున ఇరాన్ నుంచి నస్రొల్లా ఎంతెజామ్. 1968 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. పాకిస్తాన్ అడిగిన దాంట్లో సుమారు పదో వంతు దానికి దక్కింది, మిగతాది మనకు.

లెక్క ప్రకారం చూస్తే మనం గెలిచాం. రాజకీయంగా మాత్రం ఇంట్లో నిప్పు రాజుకుంది. కంజర్‌కోట్, ఛడ్ బేట్ అనే చోట్లు పాకిస్తాన్‌కు వదలడమేమిటని పార్లమెంటులో రగడ, కచ్‌లో సత్యాగ్రహం, వాజ్‌పేయి లాంటి నాయకులు అందులో పాల్గొన్నారు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. మగన్‌భాయ్ ఈశ్వర్‌భాయ్ పటేల్ కేసులో 1969లో కోర్టు చెప్పిన మాట సర్ క్రీక్‌కు ఇప్పటికీ పనికొస్తుంది. మన భూమి అని తేలినదాన్ని పరాయి దేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, కానీ హద్దు ఎక్కడో తెలియక దాన్ని తేల్చుకోవడం భూమి ఇచ్చేయడం కిందకు రాదు, దానికి సవరణ అక్కర్లేదు అంది. అంటే రేపు సర్ క్రీక్ మీద ఒప్పందం కుదిరినా చట్టపరంగా దారి తెరిచే ఉంది. భయం చట్టం గురించి కాదు, 1968లో చూసిన గొడవ గురించి. మూడో మనిషిని పిలవం, సిమ్లా ఒప్పందం ప్రకారం ఇద్దరమే మాట్లాడుకుందాం అని మన ప్రభుత్వాలు పార్టీలకు అతీతంగా అంటూ వస్తున్నది ఆ చేదు వల్లనే అని నా అభిప్రాయం.

సర్ క్రీక్ ఆ ట్రిబ్యునల్ ముందుకు రాలేదు. క్రీక్ మొదలు నుంచి తూర్పుకు పోయే గీత మీద ఇద్దరికీ పేచీ లేదు, క్రీక్‌ను విచారణ నుంచి పక్కన పెట్టారు. అప్పట్లో అదొక బురద కాలువ. తర్వాత దాని విలువను పెంచింది సముద్ర చట్టం.

1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం తీర దేశాలకు 200 నాటికల్ మైళ్ళ దాకా ప్రత్యేక ఆర్థిక మండలం ఇచ్చింది, అంటే సుమారు 370 కిలోమీటర్లు. అందులో చేపలు, అడుగున చమురు, గ్యాసు ఏమున్నా ఆ దేశానివే. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో దాన్ని ఆమోదించాయి. రెండు దేశాల మండలాల మధ్య గీత నేల మీద సరిహద్దు సముద్రాన్ని తాకే బిందువు నుంచి మొదలవుతుంది. ఆ బిందువు క్రీక్ తూర్పు ఒడ్డునా, నడిమినా? ఒడ్డు దగ్గర తేడా కొన్ని కిలోమీటర్లే. ఊరికే లెక్క కోసం 5 కిలోమీటర్లు అనుకోండి, ఆ తేడా అలాగే 370 కిలోమీటర్లు సముద్రంలోకి సాగితే 1,850 చదరపు కిలోమీటర్లు. అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు. పాటు వేళ మాత్రమే తేలే ఇసుక తిప్పల్ని ఆధారంగా లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నదాని మీద గీత ఇంకా అటూ ఇటూ ఊగుతుంది, దాని మీదా వాదనలున్నాయి. మడచెట్ల మధ్య బురద కోసం ఎవరూ ఇన్నేళ్ళు కొట్టుకోరు. కొట్టుకుంటున్నది దాని ముందున్న నీళ్ళ కోసం.

చర్చలు 1989లో మొదలయ్యాయి. భారత్ ఒక దశలో తెలివైన ప్రతిపాదన పెట్టింది: క్రీక్ సంగతి తర్వాత చూద్దాం, ముందు సముద్రం వైపు నుంచి గీత గీసుకుంటూ వద్దాం, తీరానికి దగ్గరగా వచ్చాక ఆగుదాం. సముద్ర చట్టం ప్రకారం తుది సరిహద్దు కుదిరేలోపు ఆచరణకు పనికొచ్చే తాత్కాలిక ఏర్పాట్లు చేసుకోవచ్చు కూడా. పాకిస్తాన్ ఒప్పుకోలేదు. ముందు క్రీక్ తేల్చాలి, కాదంటే అంతర్జాతీయ మధ్యవర్తికి ఇద్దాం అంది. దానికి మనం ఒప్పుకోలేదు. మధ్యలో 1999 ఆగస్టు 10న, కార్గిల్ వేడి ఆరకముందే, ఈ ప్రాంతంలోనే మన మిగ్-21 యుద్ధ విమానం పాకిస్తాన్ నౌకాదళ అట్లాంటిక్ విమానాన్ని కూల్చింది. అందులో 16 మంది చనిపోయారు. పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే, 2000 జూన్‌లో ఆ కోర్టు ఈ కేసు తమ పరిధిలోకి రాదని చెప్పింది.

తేలడానికి అందరికన్నా దగ్గరగా వచ్చింది 2007. ఆ ఏడాది మొదట్లో రెండు దేశాల సర్వే బృందాలు కలిసి క్రీక్‌నూ దాని ముఖద్వారాన్నీ కొలిచాయి. నీటి లోతులు, ఒడ్డు అంచులు, కొలతలన్నీ ఇద్దరూ ఒప్పుకున్నవే. మే నెలలో ఎవరి గీత ఎక్కడుందో చూపిస్తూ మ్యాపులు మార్చుకున్నారు. మా వృత్తిలో ఉన్నవాడికి ఇది ఎంత పెద్ద సంగతో చెప్పలేను. శత్రువులని పేరున్న రెండు దేశాల వాళ్ళు ఒకే బురదను కొలిచి ఒకే అంకె రాశారు. కొలతల పేచీ అక్కడితో అయిపోయింది. ఇక మిగిలింది రెండు దేశాల నేతలు ఒక గీత మీద వేలు పెట్టడం.

అది జరగలేదు. అదే 2007లో చీఫ్ జస్టిస్‌ను సస్పెండ్ చేయడంతో పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ మీద లాయర్ల ఉద్యమం లేచింది, 2008 ఆగస్టులో ఆయన పదవి నుంచి దిగిపోయాడు. 2008 నవంబరులో ముంబై దాడులు. ఆ ఉగ్రవాదులు పోర్‌బందర్‌కు చెందిన కుబేర్ అనే చేపల బోటును ఈ సముద్రంలోనే లాక్కుని వచ్చారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ గుజరాత్ తీరం గురించి మెత్తగా మాట్లాడే స్థితిలో లేదు. 2011లోనూ 2012 జూన్‌లోనూ మళ్ళీ కూర్చున్నారు, లేచారు. 2012 డిసెంబరులో గుజరాత్ ఎన్నికల వేళ అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ, సర్ క్రీక్‌ను పాకిస్తాన్‌కు ఇవ్వొద్దని ప్రధాని మన్మోహన్ సింగ్‌కు ఉత్తరం రాశారు. అలాంటి ఆలోచనే లేదని ప్రధాని కార్యాలయం అంది. ఆ రోజు నుంచి అది సర్వేయర్ల ఫైలు కాకుండా పోయింది. 2025 దసరా నాడు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ భుజ్‌లో మాట్లాడుతూ, కరాచీకి ఒక దారి ఈ క్రీక్ మీదుగానే పోతుందని హెచ్చరించారు. అటువైపు కూడా సైన్యం కట్టడాలు పెంచుతోందని ఆయన మాట.

కాబట్టి మీ మూడో ప్రశ్నకు నా జవాబు: తేల్చలేక కాదు, తేల్చకపోతే ఢిల్లీకీ ఇస్లామాబాద్‌కూ పెద్దగా పోయేదేమీ లేక. సియాచిన్‌లో సైనికులు మంచులో చనిపోతారు, కశ్మీర్‌లో రోజూ కాల్పుల భయం. సర్ క్రీక్ నానితే రెండు రాజధానుల్లోనూ ఎవరికీ నిద్ర చెడదు. సంతకం పెడితే మాత్రం "అమ్మేశారు" అన్న మాట పడాలి. పెట్టకపోతే ఆ మాట పడక్కర్లేదు. ఆ ఖర్చంతా వెరావల్‌లో, పోర్‌బందర్‌లో, శ్రీకాకుళంలో, అటు కరాచీలోని ఇబ్రహీం హైదరీ అనే జాలరిపేటలో చేపలు పట్టుకునేవాళ్ళ ఖాతాలో పడుతోంది.

ఇలాంటివి తేలవని కాదు. బంగ్లాదేశ్‌తో మనకు అచ్చం ఇలాంటిదే ఉండేది, అక్కడా డెల్టా, అక్కడా జరిగే పాయలు, నడుమన న్యూ మూర్ అనే తిప్ప. 2009లో బంగ్లాదేశ్ మధ్యవర్తిత్వానికి వెళ్ళింది, 2014 జూలైలో తీర్పు వచ్చింది. పేచీలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్ళకు పోయాయి. మన ప్రభుత్వం ఒప్పుకుంది. ఆకాశం ఊడిపడలేదు. పొరుగువాడు బంగ్లాదేశ్ కాబట్టి అనుకుంటాను. తీర్పు వచ్చేసరికి ఆ తిప్ప కూడా నీళ్ళలో మునిగిపోయి కొన్నేళ్ళయింది.

ఇక మనవాళ్ళ సంగతి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది, పెద్ద బోట్లు నిలబెట్టుకునే రేవు మాత్రం లేక, డి. మత్స్యలేశం లాంటి ఊళ్ళ నుంచి మగవాళ్ళు ఆగస్టులో వేట నిషేధం ముగిసే వేళకు వెరావల్ రైలెక్కుతారు. సేటు, అంటే బోటు యజమాని, దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు. ఒక్కో బోటులో దాన్ని నడిపే తండేలు, ఆయన కింద పనిచేసే ఏడెనిమిది మంది కళాసీలు, ఇరవై రోజులకు పైగా నడిసముద్రంలో. గుజరాత్ దగ్గరి నీళ్ళలో చేప తగ్గిపోయింది. సింధు డెల్టా ముందున్న నీళ్ళలో చందువలు, మంచి ధర పలికే పెద్ద చేపలు ఇంకా ఉన్నాయి. పడ్డ చేపను బట్టే లాభం కాబట్టి బోట్ల ముక్కు సహజంగానే అటు తిరుగుతుంది. రాత్రి వల దింపి ఇంజను నెమ్మది చేసినప్పుడు ప్రవాహం బోటును ఎటు తోస్తుందో జీపీఎస్ తెర చూస్తే తెలుస్తుంది. తెర చూసేది తండేలు. వల లాగే కళాసీకి తాను ఎక్కడున్నాడో తెలిసేది అటువైపు గస్తీ పడవ పక్కకు వచ్చి ఆగినప్పుడే.

2018 నవంబరులో అలాగే చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మందిని 2020 జనవరి 6న వాఘా దగ్గర అప్పగించారు. దాని మీద సినిమా కూడా వచ్చింది కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. సినిమాలో ఉద్వేగం ఎక్కువ. అసలు జైలు జీవితంలో ఎక్కువ భాగం ఎదురుచూపే. చేపల కేసులో శిక్ష తరచుగా కొద్ది నెలలే పడుతుంది. శిక్ష అయిపోయాక కూడా వీళ్ళు భారతీయులే అని మన వైపు నుంచి ధ్రువీకరణ వెళ్ళి, అక్కడ విడుదల ఉత్తర్వు వచ్చి, ఏదో ఒక దౌత్య సందర్భం కలిసొచ్చేదాకా లోపలే. ఖైదీల కోసం రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలతో 2007లో వేసిన కమిటీ జైళ్ళకు వెళ్ళి చూసేది, 2013 తర్వాత అదీ లేదు. మనం కూడా అటువైపు వాళ్ళను ఇలాగే పెడుతున్నాం, అది మరిచిపోకూడదు. 2025 జనవరి 1న ఇచ్చిపుచ్చుకున్న జాబితాల ప్రకారం వాళ్ళ దగ్గర మన మత్స్యకారులు 217 మంది, మన దగ్గర వాళ్ళవాళ్ళు 81 మంది.

ఒక ముక్క ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. రెండు దేశాలూ ఆమోదించిన అదే సముద్ర చట్ట ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు దాటిన ఆర్థిక మండలంలో చేపల నిబంధనలు మీరిన విదేశీ బోటునూ మనుషుల్నీ తగిన పూచీకత్తు మీద వెంటనే వదిలేయాలనీ, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే జైలు శిక్ష వేయకూడదనీ అందులో ఉంది. జరిమానా వేసుకోవచ్చు. జైలు మాత్రం కుదరదు. తీరానికి దగ్గర నీళ్ళలో చిక్కారని రాసుకుంటే, లేదా అక్రమ ప్రవేశం కింద కేసు కడితే ఈ రక్షణ ఎగిరిపోతుంది. బోటు నిజంగా ఎక్కడ చిక్కిందో చెప్పే అంకెలు పట్టుకున్నవాడి లాగ్‌బుక్కులోనే ఉంటాయి. క్రీక్ మీద ఒప్పందం కుదిరేదాకా ఆగనక్కర్లేదు, ఈ ఒక్క అధికరణాన్ని పాటిస్తామని ఇద్దరూ మాట ఇచ్చుకుంటే సగం జైళ్ళు ఖాళీ అవుతాయి.

చివర్లో మీరు అడిగారు, మామయ్య వచ్చే సీజన్‌కు వెళ్తానంటున్నాడు, మేం ఏం చూసుకోవాలని. ఆధార్, మత్స్యకార గుర్తింపు కార్డు బోటులో ఆయన వెంట ఉండాలి, వాటి నకళ్ళు ఇంట్లో ఉండాలి. బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సేటు ఫోను నంబరు రాసి పెట్టుకోండి. చాలా ఇళ్ళలో ఏ బోటెక్కాడో కూడా తెలియదు, జాతీయత ధ్రువీకరణ ఆలస్యమయ్యేది అక్కడే. బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలిపే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం ఉందా, అది పనిచేస్తోందా అని వెరావల్‌లో ఎక్కకముందే తండేలును అడగమనండి. 2024 నుంచి కేంద్రం వీటిని ఉచితంగానే ఇస్తోంది, లేదంటే సేటు పట్టించుకోలేదని అర్థం. పట్టుబడ్డారని తెలిస్తే ఆ రోజే జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి, ఆ కాగితం మీద స్టాంపు వేయించుకోండి. జనవరి 1, జూలై 1 తేదీల్లో రెండు ప్రభుత్వాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. ఆ రెండు తేదీల తర్వాత వారంలోపు మళ్ళీ వెళ్ళి పేరు ఉందో లేదో, ఉంటే పేరూ తండ్రి పేరూ ఊరూ సరిగ్గా పడ్డాయో లేదో కనుక్కోండి. తెలుగు ఇంటిపేర్లు అక్కడ రాసేటప్పుడు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే మీ అర్జీలోనూ ఉండేలా చూసుకోండి.